షరికా, షరీకా

టీవీ సౌండ్ సరిగా లేక ఒక అరబ్బీ సీరియల్ కథను నేను తప్పుగా చెప్పానని మా గదిలోని డ్రైవరు ఇప్పటికీ అందరితో అంటాడు. నన్ను కాపాడటానికి అంటాడు. సౌండ్ బాగానే ఉండేది. నాకే అరబ్బీ రాదు.

సౌదీలోని జుబైల్‌లో మా గదిలో ఆరుగురం. శుక్రవారం భోజనాలయ్యాక టీవీ ముందు చేరేవాళ్లం. సీరియల్లో రెండు గొప్పింటి కుటుంబాలు, ఒక పెద్ద కంపెనీ, మధ్యలో ప్రేమలు. మాటలకు అర్థం చెప్పేవాణ్ని నేనే. ఫ్యాక్టరీ స్టోరులో పదిహేనేళ్ల సర్వీసు కదా, నాకు వచ్చనుకున్నారు. నాకు వచ్చింది స్టోరుకు సరిపడా: సంతకం పెట్టు, సరుకు లేదు, రేపు రా. మిగతాది ముఖాలు చూసి అల్లేవాణ్ని.

ఒక వారం, గొప్పింటి కొడుకును ప్రేమించిన అమ్మాయి అతని ఆఫీసుకొచ్చి కన్నీళ్లతో ఏదో అంది. నాకు 'షరికా' అని వినబడింది. షరికా అంటే కంపెనీ. ఏ షరికా అని గేటు దగ్గర మమ్మల్ని రోజూ అడిగే మాటే.

"కంపెనీ తన పేరు మీద రాయమంటున్నది," అన్నాను.

గదంతా ఆ పిల్లను తిట్టింది. తర్వాత కంపెనీలో దొంగ సంతకాలు బయటపడితే అవీ ఆమె మీదే వేశాను.

డ్రైవరుది కడప వైపు. వాళ్లక్క దమ్మాంలో ఒక సౌదీ ఇంట్లో పనిచేస్తుంది. ఈ దేశంలో అతనికి సొంత మనిషి ఆమె ఒక్కతే. ఆమె తన మేడంతో కలిసి అదే సీరియల్ చూసేది. వారం వారం స్పీకర్ ఫోన్లో ఇద్దరికీ ఆ కథే కబురు.

"ఆ పిల్ల మంచిదిరా. కంపెనీని ముంచుతాండేది వాని మేనమామ," అంది ఒకరోజు అక్క.

"నీకేం తెల్సు? మా గదిలో అన్న అరబ్బీలో పండితుడు. నువ్వు పదేండ్లుగా గిన్నెలు తోమినావంతే!"

అక్క "సరేలే అబ్బా," అని పెట్టేసింది.

మూడు వారాలు ఆమె ఫోనెత్తలేదు. అతను అన్నం ముందు కూర్చుని కెలికేవాడు. ఈలోగా సీరియల్లో మేనమామకు బేడీలు పడ్డాయి. తప్పు తెలిసి కూడా నేను, "పాపం, ఆ పిల్ల నేరం తన మీద వేసుకుండు," అన్నాను. సిగ్గుపడాల్సింది దానికే.

నాలుగో శుక్రవారం నా ఫోన్ నుంచి నేనే ఆమెకు చేశాను.

"అక్కా, ఆఫీసుల ఆ పిల్ల అన్న షరికా అంటే కంపెనీ గాదా?"

"కంపెనీనే అన్నా. ఆ పిల్ల అనింది షరీకా. 'రీ' సాగదీస్తే తోడు అని. నీ బతుక్కు తోడుంటా అనింది."

"నాకు అరబ్బీ రాదక్కా. వచ్చినట్టు చెప్పిన. నీ తమ్ముని తప్పు లేదు."

"ఆ మాట వానికి చెప్పు. నేను లైన్లోనే ఉంటా."

అందరి ముందే చెప్పాను. డ్రైవరు నోరు తెరిచి చూశాడు. "మరి మేనమామ త్యాగం?"

"అది గూడ నేనే పుట్టించిన."

గది గొల్లుమంది. అతను నవ్వలేదు. ఫోన్ తీసుకుని గోడవైపు తిరిగాడు. "అక్కా..." అని ఆగిపోయాడు.

"తిన్న్యావారా?" అందామె.

ఆ మధ్యాహ్నం ఆమె కథంతా మొదటి నుంచి చెప్పింది. ఫోన్ మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చున్నాం. నేను అల్లినదానికన్నా అసలు కథే బాగుంది.