మానేరు ఇసుకలో దిగిన బెలూన్

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా బడికి ఎండాకాలం రాకముందే సెలవులు వచ్చాయి. అవి ఎప్పుడు అయిపోతాయో పంతుళ్లకే తెలియదు. ప్రత్యేక తెలంగాణ కావాలని పట్నంలో మొదలైన ఉద్యమం మా సిరిసిల్ల దాకా వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు తిరిగితే తిరిగేవి, లేకపోతే లేదు. మగ్గాల చప్పుడుతో తెల్లవారే మా వాడలో పొద్దున్నే ఊరేగింపుల నినాదాలు వినిపించేవి. పిల్లలం కదా, మాకు అదంతా పండగలాగే ఉండేది.

ఆ రోజుల్లోనే పక్కింటి అక్క హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చింది. అక్క ఇంజనీరింగ్ చదువుతుండేది. మా వైపు ఆడపిల్ల మెట్రిక్ దాటడమే గొప్ప అనుకునే కాలం అది. గాలిలో ఎగిరేవాటిని తయారుచేసే చదువు చదవాలని ఆమె కోరిక. నూలు వ్యాపారం చేసే వాళ్ల నాన్న నెమ్మదైన మనిషే కానీ, పట్నం గొడవల గురించి వింటుంటే ఆయనకు భయం పట్టుకుంది. "గీ లొల్లిల ఆడివిల్లను మళ్ల పట్నం పంపుడు నాతోని కాదు. చదివింది చాలు" అనేశాడు. అక్క ఎదురు చెప్పలేదు. సరిగా అన్నం తినడం లేదని మాత్రం వాళ్లమ్మ మా అమ్మ దగ్గర చెప్పుకుంది.

ఊరికే కూర్చోవడం అక్కకు చేతకాదు. ఒక మధ్యాహ్నం వాడలోని పిల్లలందరినీ వాకిట్లో చేర్చి ఒక ముచ్చట చెప్పింది. వెనకట ఫ్రాన్సు దేశంలో కాగితం తయారుచేసే ఇంటి అన్నదమ్ములు ఉండేవారట. పొయ్యి మీది పొగ పైకి పోతుంది కదా, దాన్ని కాగితం సంచిలో పడితే సంచి కూడా పైకి పోతుందేమోనని చేసి చూశారట. పోయిందట. "మరి మనం కూడ చేద్దమా అక్కా?" అన్నాను. అక్క నా వంక చూసి నవ్వింది. ఇంటికి వచ్చాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

బంద్‌ల వల్ల పతంగులు కట్టే చాచా దుకాణం మూసే ఉంది. అక్క అడిగితే వెనక తలుపు తీసి పల్చటి కాగితాల కట్ట ఇచ్చి, "ఎగిరేటప్పుడు నన్ను పిలువాలె బేటీ" అన్నాడు. కాగితాలను ఆకుల్లా పొడవుగా కత్తిరించి, నూలుకు పెట్టే గంజితోనే అంచుకు అంచు అతికించాం. మొదటిది లేవనే లేదు. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం దాన్ని అరచేతుల మీద పెట్టుకుని బరువు చూసి, "గంజి ఎక్కువైంది" అంటూ మళ్లీ కత్తెర అందుకుంది. రెండోది పొయ్యి పొగకే లేచి చూరుకు తగిలి మెల్లగా దిగింది. ఇక పెద్దది చేయడమే మిగిలింది.

మా నాన్న తమ్ముడు, మా చిన్నాయిన, జగిత్యాలలో కాలేజీ చదువు ఆపేసి ఉద్యమంలో తిరిగేవాడు. పెద్ద బెలూన్ చూడగానే ఆయన కళ్లు మెరిశాయి.

"అక్కా, దీని మీద జై తెలంగాణ రాద్దాం. కింద నూనెగుడ్డ కట్టి ముట్టిస్తె ఊరంత తిరుగుతది. చౌరస్తల ఇడుద్దాం, అందరు చూడాలె."

రాయడానికి అక్క సంతోషంగా ఒప్పుకుంది. నూనెగుడ్డ దగ్గర ఆగింది. "ఏడ దిగుతది?" అని అడిగింది.

"గాలి ఎటు కొడితె అటు."

"గట్లంటె ఎట్ల తమ్మీ? ఏడ దిగుతదో చెప్పు, చౌరస్తలనే ఇడుద్దాం."

చిన్నాయినకు రోషం వచ్చింది. "అక్కడ పోరగాళ్లు లాఠీ దెబ్బలు తింటున్నరు. నువ్వేమో గుడ్డపేలికకు భయపడ్తున్నవ్!"

అక్క చిన్నాయినను, వెంట నన్ను వాళ్ల మేడ మీదికి తీసుకుపోయింది. అక్కడినుంచి వాడంతా కనిపిస్తుంది. గడ్డికప్పుల ఇళ్లు, వాటి మధ్య వాములు, ప్రతి వాకిట్లో వెదురు బొంగుల మీద ఆరబెట్టిన నూలు.

"గా నూలు ఎవలది?" అంది అక్క.

"మనోళ్లదే."

"గా గుడిసె?"

"మనకు పాలు పోసే అవ్వది."

"అండ్ల ఏది కాలినా తెలంగాణ వస్తదా తమ్మీ?"

తర్వాత ఆ ఫ్రాన్సు ముచ్చటలో మాకు చెప్పకుండా వదిలేసిన భాగం చెప్పింది. అదే దేశంలో ఇంకొకరు వదిలిన బెలూన్ ఎగిరి ఎగిరి ఒక పల్లెలో పడిందట. అదేదో దయ్యమనుకుని జనం గడ్డి ఎత్తే పంగలకర్రలతో పొడిచి చింపేశారట. "ఎగరేసినోళ్లు సంబురపడ్డరు. దిగిన ఊరోళ్లకు మాత్రం ముందుగాల ఎవ్వలు చెప్పలే. మనం రేపు పొద్దుగాల మానేరు ఇసుకల ఇడుద్దాం" అంది. చిన్నాయిన గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇక రాడేమో అనుకున్నాను.

మర్నాడు ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే రేకు పొయ్యిని భుజాన పెట్టుకుని అందరికంటే ముందు మానేరు ఇసుకలో నిలబడింది ఆయనే. ఎండాకాలపు ఏరు, చుట్టూ ఇసుక తప్ప కాలడానికి ఏమీ లేదు. వాడ వాడంతా వచ్చింది. చాచా వచ్చాడు. అక్క వాళ్ల నాన్న దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అక్క పిడికెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటుందో చూసి, ఆయన దగ్గరికి నడిచింది.

"బాపూ, గా తుమ్మచెట్టు కాడ నిలవడు. ఆడ దిగుతది."

పొయ్యి మీద రేకు గొట్టం పెట్టి వేడిగాలి పట్టాం. నలిగిన కాగితం కొద్దికొద్దిగా నిండి, వణికి, నిటారుగా నిలబడింది. దానికి కట్టిన సన్నటి నూలుపోగు నా చేతిలో పెట్టి, "గుంజకు, అది అడిగినంత ఇయ్యి" అంది అక్క. నిప్పు కిందే ఉండిపోయింది, బెలూన్ లేచింది. వేళ్ల సందున పోగు పారుతుంటే ఒళ్లంతా పులకరించింది. మా తలల మీద లేత ఎండ పడకముందే చిన్నాయిన రాసిన ఎర్రటి అక్షరాల మీద పడింది. అందరూ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, తర్వాత ఒక్కసారిగా జై తెలంగాణ అని అరిచారు.

లోపలి గాలి చల్లబడ్డాక బెలూన్ పక్కకు ఒరిగి కిందికి రాసాగింది. అక్క వాళ్ల నాన్న దాని వెంట నడిచాడు, ఆ తర్వాత ధోవతి కుచ్చెళ్లు చేత పట్టుకుని పరుగెత్తాడు. ఆ పెద్దమనిషి పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. ఇసుకకు తగలకుండా దాన్ని రెండు చేతులా, పసిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు.

"జర తప్పినవ్ బిడ్డా. చెట్టు ఇంక ఆడున్నది" అన్నాడు నవ్వుతూ.

"మీదికి పోయినంక గాలి మారింది బాపూ."

"పట్నంల గిదే నేర్పుతరా?"

"ఇంక నేర్పలే. పోతె నేర్పుతరు."

ఆయన బెలూన్‌ను మెల్లగా మడిచి అక్క చేతికిచ్చాడు. కాలేజీలు తెరిచిన వారమే అక్కను బస్సులో కూర్చోబెట్టుకుని తానే హైదరాబాద్‌లో దిగబెట్టి వచ్చాడు.

అక్క ఒక ఏడాది ఆలస్యంగానైనా ఇంజనీరు అయింది. బెంగుళూరులో పై చదువు చదివి, మబ్బుల కంటే ఎంతో పైకి పరికరాలను మోసుకుపోయే పెద్ద పెద్ద బెలూన్లను తయారుచేసే పనిలో చేరింది. మనుషులెక్కే బెలూన్‌ను బుట్టలో నిలబడి తానే నడిపింది. మా వైపు నుంచి అలా ఎగిరిన తొలి ఆడమనిషి ఆమే. బెలూన్ వదిలే ముందు అది దిగగల ఊళ్లకు జీపులో పోయి, రైతులతో మాట్లాడి వచ్చేదని ఆమెతో పనిచేసినవాళ్లు చెప్పేవారు. బిడ్డ ఏం పని చేస్తుందని అడిగితే వాళ్ల నాన్న, "ఆకాశంల ఎగరేస్తది, మళ్ల మంచిగ దింపుతది" అనేవాడు.

నేను కోరుట్లలో పంతులమ్మనయ్యాను. చాలా ఏళ్లకు ఉద్యమం మళ్లీ వచ్చింది. ఒక పొద్దున మా పెద్ద తరగతి ఆడపిల్లలు జగిత్యాల సభకు ట్రాక్టర్ మీద పోతామని వచ్చారు. తోటి పంతుళ్లు వద్దన్నారు. నేను వద్దనలేదు. "మళ్ల ఎట్ల వస్తరు?" అని మాత్రం అడిగాను. వాళ్లు కూర్చుని ఆలోచించారు. ఎవరి అన్న వెంట వస్తాడో, దారిలో అడ్డగిస్తే ఎవరింట్లో ఆగాలో వాళ్లే తేల్చుకుని బయలుదేరారు. సాయంత్రం నేను రోడ్డు మీద నిలబడి చూస్తున్నాను. ట్రాక్టర్ మలుపు తిరిగింది. గొంతులు బొంగురుపోయి, ముఖాలు వెలిగిపోతూ, పిల్లలందరూ దిగారు.