మదర్ గారి మౌనం గంట

నిన్న మధ్యాహ్నం ఇంట్లోనే ఆఫీసు కాల్‌లో ఉండగా, ఐదేళ్ల నా బిడ్డ గుమ్మంలో నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని, నేనెప్పుడు తలెత్తుతానా అని చూస్తోంది. ఆ కళ్లు చూసి లేచాను. గ్యాసు వాసన ఆ తర్వాత తెలిసింది. పాలు పొంగి మంట ఆరిపోయింది. దాని మూడేళ్ల తమ్ముడు వంటింట్లోనే ఆడుకుంటున్నాడు. వాణ్ణి బయటికి లాక్కొచ్చి, గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, "నన్ను పిలువొద్దా?" అని అరిచాను.

"నువ్వే మాట్లాడొద్దన్నవ్ గదమ్మా."

రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఆ మాట ఒకసారి నేనూ అన్నాను.

ఉప్పుగూడ స్టేషన్ దగ్గర సిస్టర్ల మఠంలో ఉండి చదువుకునే నలభై మంది ఆడపిల్లల్లో నేనొకదాన్ని. మఠానికి పెద్ద మా మదర్. దొరల గడీలో పుట్టి, నగలన్నీ వదిలేసి వచ్చిందట. నూలుచీర కట్టినా నడకలో దొరసాని పోలేదు, ఆమె ఎదురైతే కూరగాయల భాయ్ కూడా బీడీ దాచుకునేవాడు. క్రిస్మస్ ముందు గరిజెలు కాల్చే నూనె, యాలకుల వాసన, ప్రార్థన గదిలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్ చామంతుల వాసన కలిసిపోయి మా గౌన్లకు పట్టేవి. ఎవరైనా లాడ్ బజార్ గాజులు దొంగతనంగా వేసుకుంటే, "ఏందే ఆ గలగల? పెండ్లిపిల్లవా?" అనేది మదర్.

భోజనాల గదిలో ఒక పటం ఉండేది. వెయ్యేళ్ల కింద సాక్సనీ దేశంలో ఆడవాళ్ల మఠాన్ని ఏలిన రాజవంశపు ఆమె, చేతిలో బొమ్మంత చర్చి. "రాజుబిడ్డ. ఆమె అన్నం తింటుంటే ఈగ గూడ చప్పుడు చెయ్యకపోయేది," అని మదర్ మురిసిపోయేది. అందుకే మాకూ మౌనం. ఆమె గంట కొడితే, మళ్లీ కొట్టేదాకా నోరు విప్పకూడదు. ఏం కావాలన్నా చెయ్యెత్తి కూర్చోవాలి.

రేగుపండ్ల కాలం. రోజూ నాకు జడ వేసే సుగుణ, నా పక్కన రేగుపండు తింటూ తింటూ గొంతు పట్టుకుంది. గింజ అడ్డం పడిందని నాకు తెలిసింది. చెయ్యెత్తాను. మదర్ తల వంచుకుని ప్రార్థన పుస్తకం చదువుతోంది. చెయ్యి ఇంకా పైకెత్తి, బల్ల మీంచి సగం లేచాను. సుగుణ ముఖం నీలమవుతోంది. మిగతా అందరం చూస్తున్నాం, ఒక్కరమూ అరవలేదు. సుగుణ నేల మీద పడ్డ చప్పుడుకు మదర్ తలెత్తింది. తలకిందులుగా పట్టుకుని వీపు చరుస్తూ "సుగుణా! బిడ్డా!" అని పెట్టిన కేక వీధిదాకా వినబడింది. తనే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

"నన్నెందుకు పిలువలేదే?"

"మాట్లాడొద్దన్నరు గదా, మదర్."

ఆ దొరసాని నా ముందు నేల మీద కూలబడింది. మర్నాటి నుంచి గంట మోగలేదు. "మాట్లాడుండ్రి బిడ్డా, లొల్లి చెయ్యుండ్రి," అని పళ్లెం పళ్లెం దగ్గరా నిలబడి బతిమాలేది. మాకు మాట వచ్చేది కాదు.

ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. మదర్ పోయింది, పటం ఎటు పోయిందో.

పొద్దున ఇద్దర్నీ ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను: నేనెవరితో మాట్లాడుతున్నా, ఎంత వద్దన్నా, భయమైతే అరవాలి.

"తిడతవు గదా?" అంది బిడ్డ.

"తిట్టినా అరువు," అన్నాను.