కదలని అంబాసిడర్

పాత బండ్లు బాగు చేయడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. సత్తెనపల్లిలో ఒక తెల్ల అంబాసిడర్ ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉందనీ, తుక్కు రేటుకే ఇచ్చేస్తారనీ తెలిసి చూడబోయాను. చూడబోయాననడం కూడా పూర్తి నిజం కాదు. ఆ బండి కోసమే వెతుక్కుంటూ వెళ్ళాను.

పన్నెండేళ్ళ క్రితం గుంటూరు ఆసుపత్రిలో డాక్టర్లు మా అమ్మను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అక్కా నేనూ ఆమెను నడిపించుకొచ్చి గేటు పక్క అరుగు మీద కూర్చోబెట్టాం. కారు మాట్లాడేలోపే అమ్మ నా భుజం మీద పోయింది.

"ఒరేయ్, చెప్పమాక. చెబితే ఎవరూ ఎక్కించుకోరు" అంది అక్క.

పెళ్ళిళ్ళకు తిరిగే బండిలో శవాన్ని ఎక్కించరు. ఎక్కించారని తెలిస్తే ఆ బండిని మళ్ళీ ఎవరూ పిలవరు. ఆ సంగతి తెలిసే, "పేషెంటండీ, నిద్రపోతోంది" అన్నాను. అమ్మను మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి తల జారకుండా పట్టుకున్నాను.

డ్రైవరు ఒక సాయిబు, ఆ తెల్ల అంబాసిడర్ ఆయన సొంతం. దారి పొడుగునా హారన్ కొడుతూ తోలాడు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, "అమ్మా, కళ్ళు తెరువు తల్లీ, ఊరొచ్చేస్తంది" అని పిలిచేవాడు. నేను నోరు విప్పలేదు. మా ఇంటి ముందు ఏడుపులు మొదలయ్యాక స్టీరింగ్ మీద తల ఆనించి కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. ఆ మాట పాకి పెళ్ళి కిరాయిలు ఆగిపోయాయని తర్వాత విన్నాను. పలకరించే మొహం లేక ఊరుకున్నాను.

ఇప్పుడా బండి కొని, బాగు చేసి రోడ్డెక్కిస్తే నా భారం దిగుతుందనుకున్నాను. ప్రాయశ్చిత్తంలోనూ బేరం చూసుకునే రకాన్ని నేను.

కారు రేకుల షెడ్డు కింద ఉంది. టైర్లు మట్టిలోకి దిగబడ్డాయి. పక్కనే సాయిబు కోడలు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది, ఆ ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు. బానెట్ ఎత్తి చూశాను. ఇంజను పట్టేసింది గానీ చేయించుకోవచ్చు. ఇంట్లోంచి వచ్చిన సాయిబు నన్ను గుర్తుపట్టలేదు. అప్పట్లో నాకు నెత్తి నిండా జుట్టుండేది మరి. తీసుకుంటానని చెప్పబోయాను.

"ఆగండి సార్. ఈ బండి సంగతి ఒకటుంది. చెప్పకుండా అమ్మితే తప్పు" అన్నాడు. "ఒకావిడ ఇందులోనే పోయింది. గుంటూరు నుంచి తీసుకొస్తంటే. నేనింకాస్త గట్టిగా తోలుంటే బతికేదేమో. తర్వాత కిరాయిలు తగ్గాయిలే, అది వేరే. నాకే స్టీరింగ్ పట్టుకోబుద్ధి కాలేదు."

ఇన్నాళ్ళూ ఆయన పొట్ట కొట్టాననే అనుకున్నాను. ఒక చావును ఆయన నెత్తిన పెట్టి వచ్చానని ఎన్నడూ తట్టలేదు. ఇప్పటికీ నోరు మూసుకుని బండి కొనుక్కుపోవచ్చు. సిగ్గు లేకుండా ఆ ఆలోచన కూడా వచ్చింది.

"ఆవిడ మా అమ్మండి" అన్నాను. "మీ బండి ఎక్కకముందే పోయింది. నేనే అబద్ధం చెప్పాను."

"ఎక్కకముందేనా?"

"ఎక్కకముందే."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. బానెట్ అంచు పట్టుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఈ ముక్క చెప్పడానికి పన్నెండేళ్ళు పట్టిందా సార్?" అన్నాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

తర్వాత బానెట్ మెల్లగా మూశాడు.

"బండి అమ్మను. మీరెళ్ళండి."