టైలరు కూతురి ప్రయోగం

2022 ఎండాకాలం. కర్నూలులో నేను సైకాలజీ చెప్పే కాలేజీలో పీజీ చివరి ఏడాది పిల్లలు ప్రాజెక్టుల మీద పడి ఉన్నారు. మా సబ్జెక్టు పేరు చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, ఎదుటివాళ్ల మనసులో ఏముందో చెప్పేస్తారా అని. అంత విద్యే ఉంటే మా ఆయన్ని పెళ్లిచూపుల్లోనే చదివేసేదాన్ని కదా! మేం చేసేది చిన్న పని. ఒక్క సంగతి మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి, మనుషులు ఏం చేస్తారో చూస్తాం.

ఆ ఏడాది రేష్మా అనే అమ్మాయి మంచి ప్రశ్న పట్టుకొచ్చింది. వాళ్లది కోయిలకుంట్ల. తండ్రి మహబూబ్ బాషా ఆడవాళ్ల జాకెట్లు కుట్టే టైలరు. మనకి ఇంట్లో వాడే మాటలు బాగా గుర్తుంటాయా, పుస్తకాల్లోని మాటలా అన్నది ఆ పిల్ల ప్రశ్న. పరక అంటే గుర్తుంటుందా, చీపురు అంటేనా? ఎర్రగడ్డా, ఉల్లిపాయా? కొందరికి ఒక రకం మాటలు, కొందరికి ఇంకో రకం చదివి వినిపించి తిరిగి చెప్పమనాలి. ఎవరికి ఏ రకమో బొమ్మా బొరుసూ వేసి తేల్చాలి.

ముందు ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్ చేశాం. అంటే తలుపులు మూసిన గదిలో, చప్పుడు లేకుండా, అన్నీ మన అదుపులో పెట్టుకుని చేసేది. పరమ శుద్ధంగా జరిగింది, ఏమీ తేలలేదు. మేడమ్ ఎదురుగా కూర్చుని ఉంటే పిల్లలంతా రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడారు. పరక అనడానికే సిగ్గుపడ్డారు. అందుకని ఫీల్డ్ ఎక్స్‌పెరిమెంట్‌కి మారాం. మనుషుల్ని మన గదికి రప్పించకుండా, వాళ్లుండే చోటికే మనం వెళ్లి చేసేది అది. రేష్మా సంచీ సర్దుకుని వాళ్ల ఊరి బస్సెక్కింది.

వారం తిరక్కుండానే ఏడుస్తూ ఫోన్ చేసింది. మొదటిపూట బస్టాండు దగ్గర, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లకి తన మాటల్లోనే చెప్పిందట, మతి ఎంత పట్టుకుంటాదో చూసే ఆటక్కా అని. అందరూ సరేనన్నారు. సొంత వీధికి వచ్చాక పద్ధతిగా ఉండాలని కాలేజీ కాగితం తీసి చదివింది. ఏం చేయబోతున్నామో ముందే చెప్పి ఒప్పించుకోవడాన్ని మేం ఇన్ఫార్మ్‌డ్ కన్సెంట్ అంటాం, ఆ కాగితం అందుకే. అందులో మొదటి వాక్యం, "మీపై ఒక చిన్న ప్రయోగం చేయబోతున్నాము."

ఇంకేం కావాలి! ఆ వీధిలో ప్రయోగం అంటే ఒకటే అర్థం. నిమ్మకాయలు, పసుపు, ఎవరిదో గుడ్డముక్క తెచ్చి, గిట్టనివాళ్లని మంచాన పడేసేది. తన కళ్లముందు పెరిగిన పిల్ల నోట ఆ మాట వినగానే సుబ్బమ్మ అనే పెద్దావిడ తలుపు వేసేసుకుంది. సాయంత్రానికి వీధంతా పాకింది. పైగా బాషా టైలరాయె. వీధిలో ఆడవాళ్లందరి గుడ్డముక్కలూ ఆయన అంగట్లోనే ఉంటాయి. ఒక్కొక్కరే వచ్చి, కుట్టకపోయినా ఫరవాలేదని తమ గుడ్డలు వెనక్కి పట్టుకుపోతున్నారట. చదువు చాలు, ఇక కర్నూలు పోయేది లేదని బాషా కూతురితో తేల్చి చెప్పేశాడు.

నాకు మొదట నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. అంత చురుకైన పిల్ల చదువు ఒక్క మాట దగ్గర ఆగిపోవాలా? మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

అంగట్లో మిషను ఊరికే ఉంది, రేష్మా ఓ మూల కూర్చుని ఉంది. బాషా నాకు స్టూలు వేసి, టీ తెప్పించి, నేను చెప్పిందంతా మర్యాదగా విని తల అడ్డంగా ఊపాడు.

"మీ మీద కోపం లేదు మేడమ్. నా పెండ్లి కాకముందు నుంచీ ఈ వీధి ఆడోళ్లు నన్ను నమ్మి గుడ్డలిస్తాండారు. ఆ నమ్మకం పోతే నాకింకేముండాది?"

అంతలో సుబ్బమ్మే తన గుడ్డ కోసం వచ్చింది. ఎలా తోచిందో ఏమో, పెద్దమ్మా, ఆ ప్రయోగమేదో మీరే నా మీద చేయండి అన్నాను. మీ ఇంట్లో వాడే మాటలు వరసగా చెప్పండి, నేను తిరిగి చెబుతాను, అంతకుమించి ఇందులో ఏమీ లేదన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, నిలబడే మొదలుపెట్టింది. పరక, ఎనుము, కసువు, బోకులు, ఎర్రగడ్డ, దుడ్లు... గబగబా చెప్పుకుపోయింది. నేనేమో కోస్తాలో పుట్టినదాన్ని. కర్నూలు నీళ్లు ఇన్నేళ్లు తాగినా నోరు మారలేదు. చీపురు, గేదె, చెత్త, గిన్నెలు అని మొదలుపెట్టి, తర్వాతది గుర్తురాక ఆగిపోయాను.

సుబ్బమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చీపురని నేనంటినా? పరకంటి. ఈ గేదె యాడ నుంచి వచ్చెనమ్మా? నా ఎనుము యాడికి పాయ?"

అంగడి ముందు నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. బాషా మొహం గోడవైపు తిప్పుకున్నాడు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. సుబ్బమ్మ రేష్మా వైపు తిరిగింది.

"నువ్వు చేస్తాండేది ఇదేనా పాపా?"

"ఇదే అవ్వా."

"మరి దీనికి అంత చెడ్డ పేరు ఎవరు పెట్టినారు?"

రేష్మా నావైపు చూసింది. నేను టీ గ్లాసు వైపు చూశాను.

సుబ్బమ్మ నన్ను లేపి ఆ స్టూలు మీద తను కూర్చుంది, నాకూ చెయ్యి అంటూ. లేచి వెళ్లేటప్పుడు చేతిలోని గుడ్డ మళ్లీ మిషను మీద పెట్టింది. శనివారం అహోబిలం పోవాల, అప్పటికి కుట్టియ్యప్పా అని బాషాకి చెప్పింది. ఆమె వెనకే మిగతావాళ్లూ వచ్చారు. మధ్యాహ్నానికి స్టూలు కోసం పోటీ పడ్డారు.

ప్రాజెక్టు పూర్తయ్యాక రేష్మా కర్నూలు వచ్చి నన్నో ప్రశ్న అడిగింది. బస్టాండులో తను ఆట అని చెప్పింది, వీధిలో ప్రయోగం అని చెప్పింది. మార్చింది ఒక్క మాటే కాబట్టి ఇదీ ఎక్స్‌పెరిమెంటే కదా అని. ఎవరికి ఏ మాట చెప్పాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చలేదు కాబట్టి పూర్తిగా కాదన్నాను. మనం విడదీయకుండా గుంపులు వాటంతట అవే విడిపోయి ఉంటే, దాన్ని క్వాసీ ఎక్స్‌పెరిమెంట్, అంటే సగం ప్రయోగం అనుకోవచ్చని చెప్పాను.

"సగానికే ఇంత రచ్చ అయిందే మేడమ్!" అంది.

ల్యాబ్‌లో మనం ఏ మాట వాడినా చెల్లుతుంది, తలుపులు మనవి గనక. వీధిలో తలుపులు వాళ్లవి. ఎదుటివాళ్లు సరేననడం అంటే కాగితం మీద సంతకం కాదనీ, మనం చెప్పింది వాళ్ల మాటలో వాళ్లకి అర్థం కావడమనీ నాకు కోయిలకుంట్లలోనే బాగా తలకెక్కింది. మా కాగితంలో ఆ మొదటి వాక్యం ఇప్పుడు లేదు.

రేష్మా పాసైంది, ఇప్పుడు తనూ సైకాలజీ చెబుతోంది. నేను జాకెట్లన్నీ బాషా దగ్గరే కుట్టించుకుంటున్నాను. నా గుడ్డముక్కలు ఆ అంగట్లో బోలెడున్నాయి. ఇంతవరకూ నాకేమీ కాలేదు. జాకెట్లు మాత్రం ఏటేటా బిగుతవుతున్నాయి, ఆ ప్రయోగం నా మీద నేను చేసుకుంటున్నదే.