మూడు చేతులు లేచేదాకా

తిరువూరు రిబ్కా ఒంట్లో నెత్తురు లేదు, పారేదంతా సుద్దనీళ్లే. నమ్మనివాళ్లు బస్టాండు పక్క కాంపౌండరును అడగొచ్చు. చలిజ్వరానికి సూది గుచ్చితే తెల్లగా వచ్చిందనీ, ఆ మిగిలిందాంతోనే తన ముందుగదికి వెల్ల వేయించుకున్నాననీ ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. ఫాదరుగారు నోరు తెరిచేలోపు ఆయన అనబోయే మాట ఆమె బోర్డు మీద రాసేసి చేతులు దులుపుకునేదనీ, దాంతో ఏం చెప్పాలో మరిచిపోయిన రోజున ఫాదరుగారే వెనక్కి తిరిగి బోర్డు చూసి చదువుకున్నాడనీ కూడా అంటారు. తిరువూరు మనుషుల నోటికి పన్ను లేదు కాబట్టి ఇందులో సగం తీసేసినా, మిగిలిన సగం తక్కువేం కాదు.

ఆదివారం పూజలో పీఠానికి ఎడమపక్కన నల్లబోర్డు ఉండేది. దాని ఎదురుగా ఒక బల్ల. ఆ బల్ల మీద ముగ్గురు చెవిటివాళ్లు. ఫాదరుగారు అన్నది అన్నట్టు రిబ్కా బోర్డు మీద రాస్తుంటే వాళ్లు చదువుకునేవాళ్లు.

ముగ్గురిలో మొదటిది రిబ్కా అత్త తాళ్లూరి హన్నమ్మ. కాలం చేసిన చర్చి ఉపదేశి అంతోనయ్య భార్యగా వాడలో ఆడవాళ్లందరికీ జపాలు నేర్పిన మనిషి. అరవయ్యో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం అందరూ మోకరిస్తే తనొక్కతే నిలబడిపోయింది. ఇంటికెళ్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మరుసటి ఆదివారం ఎనిమిదో తరగతి దాకా చదివిన కోడలు ఒళ్లో పలక పెట్టుకుని, విన్నది విన్నట్టు రాసి చూపించింది.

వెనక నించి జోజప్ప మెడ సాచాడు. బియ్యం మిల్లులో ఇరవై ఏళ్లు ఇంజను తిప్పి వినికిడి దానికే సమర్పించుకున్నవాడు.

"ఏమేవ్, మీ అత్త ఒక్కదానికేనా మోక్షం? పలక ఇటు తిప్పు!"

మూడోవాడు దశరథరామయ్య, రిటైరైన తెలుగు మాస్టారు. ఆయనకి చర్చితో సంబంధమే లేదు.

"గుడికెళ్తే గంటే వినపడదు. ఇక్కడ ఫాదరుగారి దగ్గు కూడా కనపడుద్దంట గదా!" అంటూ వచ్చి కూర్చుని, రిబ్కా రాతలో ఒత్తులు దిద్దడం మొదలుపెట్టాడు.

దగ్గు కనపడేమాట నిజమే. ఫాదరుగారు దగ్గితే రిబ్కా 'దగ్గు' అని రాసేది. పిల్ల ఏడిస్తే 'పిల్ల ఏడుపు'. వినపడిందేదైనా బోర్డెక్కాల్సిందే. ముగ్గురికీ పలక చాలకపోతే ఆమె భర్త బాలశౌరి బడిలో పారేసిన బోర్డు అడిగి తెచ్చాడు. పాత బ్యాటరీల మసిలో ఆకుపసరు కలిపి నున్నగా పూశాడు. బోర్డు నిండినప్పుడు ముగ్గురూ చదివామని చెయ్యి ఎత్తాలి. మూడు చేతులు లేచేదాకా తడిగుడ్డ కదలకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది హన్నమ్మ. జోజప్ప కావాలనే చెయ్యి ఎత్తకుండా కూర్చుంటే ఫాదరుగారు కూడా ప్రసంగం ఆపి ఎదురుచూసిన రోజులున్నాయి.

డెబ్బయ్యేడు కార్తీకంలో బాలశౌరి కోతలకని దివిసీమ వెళ్లాడు. తిరువూరు నించి మొత్తం తొమ్మిదిమంది. ఉప్పెన వచ్చింది. వారం తిరిగేసరికి ఇద్దరు వెనక్కి వచ్చారు. మిగతా ఏడుగురి సంగతి వాళ్లకీ తెలియదు.

రిబ్కా పొద్దున్నే పత్తి తీయడానికి వెళ్లేది, వచ్చేది, ఇంట్లో ముగ్గురికీ వండేది. మూడో మనిషి అన్నం పొద్దున చద్దిగా తనే తినేది. హన్నమ్మ రోజూ పలక ముందుకు జరిపేది. ఆమె 'కబురు లేదు' అని రాసేది. నాలుగోనాటికి ఆ రెండు మాటలూ తుడవడం కూడా మానేసింది. అత్త పలక జరిపితే కోడలు అదే పలక మళ్లీ వెనక్కి జరిపేది.

జోజప్ప వాకిట్లో నిలబడి ధైర్యం చెప్పాడు.

"ఆడికేమవుద్దే? బెజవాడ బ్యారేజీ కాడ కృష్ణని అడ్డంగా ఈదినోడు! చేపలే దారి తప్పుకుంటయ్!"

హన్నమ్మకి వినపడదు కదా. రిబ్కా దాన్నీ పలక మీద రాసింది, చేపలతో సహా. హన్నమ్మ చదివి కాస్త నవ్వింది.

డిసెంబరులో రెండో ఆదివారం. పూజ అయిపోవస్తుండగా వాడలోని రాయప్ప లోపలికి వచ్చాడు. ఉప్పెన బాధితులకి బట్టల మూటలు పట్టుకెళ్లే లారీలో దివిసీమ వెళ్లి, అప్పుడే బస్సు దిగి తిన్నగా చర్చికి వచ్చాడు. ఒంటి మీద చొక్కా బురదతో బిరుసెక్కి ఉంది. మడిచిన కాగితం ఒకటి ఫాదరుగారి చేతికిచ్చాడు.

"ఫాదర్, ముందు మీరు చూసి, ఆనక..."

"చూస్తాను, చూస్తాను" అని ఫాదరుగారు మైకు దగ్గరికి వెళ్లాడు.

ఈ ఫాదరుగారు కొత్త, కేరళ నించి వచ్చి రెండు నెలలే అయింది. రిబ్కాను బోర్డమ్మా అని పిలిచేవాడు. మొగుడి పేరు ఆడవాళ్లు నోటితో అనని ఊరు అది. తప్పిపోయిన మనిషి కోసం ప్రార్థన చేయమని ఆమె అడిగినప్పుడు కూడా 'మా ఇంటాయన' అనే అంది. ఆ ఇంటాయన పేరేమిటో ఆయనకి తెలిసే దారి లేదు.

"ఉప్పెనలో చనిపోయినట్టు తేలిన మన ఊరివాళ్ల ఆత్మశాంతికి ప్రార్థిద్దాం" అన్నాడు ఫాదరుగారు.

రిబ్కా రాసింది.

"మేరమ్మ."

రాసింది.

"అంకారావు. జక్రయ్య."

రాసింది. సుద్దముక్క అరిగి గోరు తగులుతుంటే ఇంకోటి తీసుకుంది.

"బాలశౌరి. తండ్రి అంతోనయ్య."

అదీ రాసింది. వెనక ఆడవాళ్లు గొల్లుమన్నారు. అడుగున కొంచెం చోటు మిగిలింది. అక్కడ 'ఏడుపు' అని రాసి, బోర్డు నిండింది కాబట్టి చేతుల కోసం వెనక్కి తిరిగింది.

దశరథరామయ్య చెయ్యి సగం లేచి ఆగింది. తర్వాత పూర్తిగా లేచింది. జోజప్ప చెయ్యి ఎత్తాడు గానీ తల దించేసుకున్నాడు. మూడో చెయ్యి లేవలేదు. రిబ్కా తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. గుడ్డలోని నీళ్లు మోచేతి దాకా కారాయి. ఫాదరుగారు తర్వాతి మాట మొదలుపెట్టి, బోర్డు తుడవకపోవడం చూసి ఆగాడు. చర్చి అంతా ఆగింది.

హన్నమ్మ తన గొంతు తనకి వినపడని మనిషి కాబట్టి గట్టిగా అడిగింది.

"ఇంటిపేరు లేదేంటే? అది కూడా అడుగు."

"ఇంటిపేరు చెప్పండి ఫాదర్" అంది రిబ్కా.

ఫాదరుగారు కాగితం వెలుతురుకి తిప్పాడు. "తాళ్లూరి."

పేరుకి ముందు చోటు ఇరుకుగా ఉంది. రిబ్కా చిన్న అక్షరాలతో 'తాళ్లూరి' అని ఇరికించి పక్కకి జరిగింది.

హన్నమ్మ చదివింది. రెండుసార్లు చదివినట్టుంది, కళ్లు మళ్లీ మొదటికి వచ్చి వెళ్లాయి. తర్వాత చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోతే పక్కనున్న మాస్టారు పట్టుకుని ఒళ్లో పెట్టాడు.

రిబ్కా పైనించి కిందికి తుడుచుకుంటూ వచ్చింది. ఫాదరుగారు పాట నంబరు చెప్పాడు. నలభై రెండు. రాసింది.

ఆ మధ్యాహ్నానికే కథ ఎ.కొండూరు దాటింది. పెనుగొలను చేరేసరికి ఆమె మొగుడి పేరు చుట్టూ పువ్వులు కూడా గీసిందన్నారు. రాతి గుండె అన్నారు, దేవత అన్నారు. రిబ్కా సోమవారం పత్తికి వెళ్లింది. ఆదివారం బోర్డు దగ్గర నిలబడింది. ఇంట్లో బియ్యం మాత్రం రెండు నెలల దాకా ముగ్గురికే పోసింది.

మరుసటేడు జోజప్ప తన అరుగు మీద గంపలగూడెం నించి వచ్చిన వియ్యంకుడికి ఇదంతా చెప్పాడు. రిబ్కా హన్నమ్మ కోసం మజ్జిగ అడగడానికి వచ్చి అక్కడే నిలబడి ఉంది.

"ఇదిగో, ఈ పిల్లే! మొగుడి పేరు రాస్తా ఒక్క గీత వణకలేదు బావా! నేను బల్ల మీద కూర్చుని చూశా. ఏమే, అవునా కాదా?"

పలక ఆమె ముందుకు తోశాడు. రిబ్కా చెంబు కింద పెట్టి, రాసి, ఆయన వైపు తిప్పింది.

"రాసేటప్పుడు నేను చదవను బాబాయ్. తుడిచేటప్పుడు చదివాను."