దావ్ అన్న ఒక్క మాట

నిశాకర్ మైతీ బెంగాల్ తీరాన కాంథి ఉప్పునేలల మనిషి. సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు వండినందుకు పడుచువయసులో లాఠీదెబ్బలు తిన్నాడు. క్విట్ ఇండియా నాటికి పోలీసులు వెతికే నేరస్థుడయ్యాడు. అప్పుడతణ్ణి తన వడ్లగాదెలో దాచి, గంజి పోసి బతికించినది క్షీరోద. స్వరాజ్యం వచ్చింది, అతను శాసనసభ్యుడయ్యాడు. ఆమె ఆకలి మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

కరువు ముదిరిన ఏడు క్షీరోద ఊరి ఆడవాళ్ళతో ప్రభుత్వ బియ్యపు గోదాము ముందు నిలబడి, "ఫేన్ దావ్" అని అరిచింది. గంజి పోయండి అని దానర్థం; ఫేన్ అంటే గంజి, దావ్ అంటే ఇవ్వండి. సర్దిచెబుదామని వచ్చిన నిశాకర్ కళ్ళెదుటే పోలీసులు కాల్చారు. మొదట కూలినది ఆమే. గుంపు "దావ్, దావ్" అంటూ మీదపడిందని పోలీసులు వాంగ్మూలమిచ్చారు. వేటకొడవలినీ అక్కడ దావ్ అనే అంటారు. గంజి కోసం చాచిన చేతిలో అలా ఆయుధం మొలిచింది.

కాల్పుల మీద వేసిన విచారణలో నోరు విప్పితే మళ్ళీ టికెట్ దక్కదని పార్టీ పెద్దలు కబురంపారు. నిశాకర్ లెక్కచేయలేదు. చచ్చిపోయిన మనిషి మీద పడ్డ నేరం చెరగాలి. అతనికి కావలసినది అదొక్కటే.

ఎవరి చేతా ఆయుధం లేదని, వాళ్ళు అడిగినది గంజి అని బోనులో చెప్పాడు. ప్రభుత్వ వకీలు అదేమీ కాదనలేదు.

"మైతీబాబూ, దావ్ అంటే వేటకొడవలి అని కూడా అర్థముందా, లేదా?"

"ఉంది. కానీ ఆవేళ..."

"చాలు. ఉందన్నారు."

విచారణాధికారి ఆ "ఉంది" ఒక్కటే రాయించుకున్నాడు. ఆయనా బెంగాలీయే. ఆ పూట ఇంట్లో చేపల పులుసు వడ్డించమనడానికి ఆయన వాడినదీ ఆ మాటే అయి ఉండాలి.

బయట కచేరీ మెట్ల మీద క్షీరోద భర్త గౌరహరి ఎదురయ్యాడు.

"లేదు అనేస్తే నీ సొమ్మేం పోయేదన్నా?"

"అబద్ధమయ్యేది గౌరా."

"అవును మరి. ఆనాడు నిన్ను దాచి పోలీసులతో అబద్ధాలాడే పని మా ఆవిడకి వదిలేశావుగా."



ఆయుధాలున్నట్టు సాక్షే ఒప్పుకున్నాడు కనుక కాల్పులు న్యాయమేనని నివేదిక తేల్చింది. ఆ బలంతోనే గౌరహరి మీద మారణాయుధాలతో దొమ్మీ చేశాడని కేసు కట్టారు. ప్రభుత్వం తరఫు మొదటి సాక్షిగా నిశాకర్‌కు సమన్లు అందాయి. వాయిదా నాడు కోర్టు వరండాలో గౌరహరి అతణ్ణి చూసి, సంకెళ్ళ చేతులెత్తి పరాయి పెద్దమనిషికి పెట్టినట్టు నమస్కారం పెట్టాడు.