గడప ముందు చెప్పులు

నిన్న వాన వెలిశాక నల్లగండ్లలో ఒక ఫ్లాటు తలుపుకు కోర్టు నోటీసు అంటించబోతూ జిగురు సీసా మూత తీశాను. ఆ వాసనకే, ఎప్పుడూ సంచిలో జిగురు సీసాతో తిరిగే యాదగిరి సార్ గుర్తొచ్చారు. ఆయన మా కోర్టు అమీను. సమన్లు చేతికి అందించేదీ, తీర్పు వచ్చాక దగ్గరుండి ఇల్లు ఖాళీ చేయించేదీ అమీనే. ఏ గడపా రమ్మనని ఉద్యోగం. దాన్ని నాకు నేర్పింది ఆయనే, తిట్లతో సహా.

చేరిన మొదటి నెలలోనే నన్ను ఒక్కదాన్నే చందానగర్ పంపారు. సమన్లు మల్లయ్య అనే వాచ్‌మన్‌కు. అతనుంటున్న రెండు గదుల ఇల్లు తమదంటూ ఎవరో దావా వేశారు. వెళ్లేసరికి తలుపుకు తాళం. నాలుగుసార్లు తట్టాను, ఎండకు కళ్లు తిరిగాయి, వచ్చేశాను. "ఇంటికి తాళం వేసి ఉంది, ఎవరూ లేరు" అని రిపోర్టు రాసి సార్ ముందు పెట్టాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను, నా మొహం!

ఆయన కాగితం చూడనే లేదు. "గడప ముంగట చెప్పులున్నయా?" అన్నారు.

"ఉన్నాయి సార్. మగవాళ్లవి."

"మరి మనిషి ఉత్త కాళ్లతోని పోయిండా బిడ్డా?"

ఆయన నా రిపోర్టు మడిచి పక్కన పెట్టారు.

"నువ్వు రాసిన ముక్క జడ్జి సారు నమ్ముతరు. మల్లయ్య రాకుంటనే తీర్పు అయితది. ఇల్లు పోయినంక గాని ఆయనకు తెల్వదు. నడువు."

తన స్కూటర్ మీదే తీసుకెళ్లారు. తాళం అలాగే ఉంది. ఆయన తలుపు తట్టలేదు. పక్క సందులోకి వెళ్లి, కిటికీ దగ్గర మెల్లగా, "మల్లయ్యా, కోర్టు నుంచి వచ్చిన. పరేషాన్ గాకు, జర లే" అన్నారు. లోపల మంచం కిర్రుమంది. గచ్చిబౌలిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపోయే మనిషి. ఎవరూ లేపకుండా అతని భార్య పనికి పోతూ బయట తాళం వేసుకుపోతుందట. ఆ సందులో సగం ఇళ్ల సంగతి అంతేనట. సార్ కిటికీలోంచే సమన్లు ఇచ్చి, సంతకం చేయించి, వాయిదా తేదీ మూడుసార్లు అతనితో చెప్పించారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మల్లయ్య కోర్టుకు వచ్చి తన మాట చెప్పుకున్నాడు. కేసు ఓడిపోయాడు గానీ, కూతురి పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా గడువు దొరికింది. గడువు తీరిన రోజు ఇల్లు ఖాళీ చేయించడానికి వెళ్లిందీ మేమే. సార్ గడప ముందు చెప్పులు విడిచి లోపలికెళ్లారు. మల్లయ్య తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "బిడ్డ పరీక్షలు మంచిగ రాసింది సారూ" అన్నాడు. ఆ పిల్ల పుస్తకాల మూట సారే ఆటోదాకా మోశారు.

"ఖాళీ చేయించే ఇంటికి చెప్పులు విడవడమేంటి సార్?" అని తిరిగొస్తూ అడిగాను.

"తాళం చెయ్యి ఇచ్చేదాంక అది ఆయన ఇల్లే కద" అన్నారు.

నిన్న కింద సెక్యూరిటీ ఆయన, "ఆ ఫ్లాట్‌ల ఎవ్వరు లేరు మేడం, అంటించి పోండి" అనే చెప్పాడు. జిగురు వాసన తగిలాక కిందికి చూశాను. తలుపు పక్కన రబ్బరు చెప్పుల జత, ఇంకా తడిగా ఉంది. సీసా మూత బిగించాను. నా చెప్పులు వాటి పక్కనే విడిచి, తలుపు దగ్గరగా నిలబడి, నోటీసులోని పేరు చూసి మెల్లగా పిలిచాను.